ఫాదర్ గారు కృతజ్ఞతలు చెప్పిన ఆదివారం

మా ఫాదర్ గారికి ఒక జబ్బుండేది. కృతజ్ఞతలు చెప్పే జబ్బు. ఆదివారం పూజ అయిపోయి, చివరి దీవెన ఇచ్చి మమ్మల్ని ఇళ్ళకు పంపించాల్సిన చోట ఆయన అంగీ జేబులోంచి ఒక కాగితం తీసేవారు. ఆ వారం ఎవరు ఎవరికి ఏం మేలు చేశారో అందులో రాసుకునేవారు. ఊడిన కిటికీ రెక్క బిగించిన వడ్రంగి, మంచాన పడ్డ ముసలమ్మకు మందు తెచ్చిపెట్టిన పక్కింటావిడ, మెట్లు కడిగిన పిల్లలు, ఎవరినీ వదిలేవారు కాదు. పేరు చదవగానే ఆ మనిషి లేచి నిలబడాలి. జనం చప్పట్లు కొట్టాలి. అప్పుడాయన రెండు చేతులూ జోడించి "మీకు కృతజ్ఞతలు" అని తల వంచేవారు. పొయ్యి మీద కూర వదిలేసి వచ్చిన ఆడవాళ్ళం లోలోపల సణుక్కుంటూనే, మన పేరుందా లేదా అని చెవులు రిక్కించుకుని కూర్చునేవాళ్ళం. ఒకసారి గంటకు కొత్త తాడు కట్టినాయనకు చెప్పి, తాడు తెచ్చినాయనను మరిచిపోయారు. ఆ రెండిళ్ళ మధ్య ఏడాది పాటు మాటల్లేవు.

ఆ వేసవిలో మాత్రం మా విచారణలో, అంటే ఆ చర్చి కిందికొచ్చే నాలుగు వందల గడపల్లో, కృతజ్ఞతలు చెప్పించుకునే పనులు చేసినవాళ్ళు తక్కువ. మిగతా అందరం రాళ్ళు ఏరుకునే పనిలో ఉన్నాం.

మావన్నీ సీసాల ఫ్యాక్టరీ బతుకులు. మగవాళ్ళు బట్టీ దగ్గర కరిగిన గాజును ఇనుప గొట్టంతో ఊదుతారు, అచ్చుల్లో దించుతారు. ఆడవాళ్ళం బల్లల ముందు కూర్చుని, ఒక్కో సీసానూ లైటు ముందు తిప్పి చూసి, బీట కనిపించినదాన్ని పక్కన పడేస్తాం. గాజుపొడి జుట్టులో పడకుండా తలకు గుడ్డ కట్టుకుంటాం. ఆ ఏడు ఎండలు ముదురుతుండగా ఎనిమిది గంటల షిఫ్టును పన్నెండు గంటలు చేశారు. మూడో వారంలో ఒక ఊదేవాడు నిలబడిన చోటే కునుకు తీసి బట్టీ నోట్లోకి తూలాడు. పెట్టె మూత తియ్యకుండానే పాతిపెట్టాం. మర్నాడు పొద్దున ఎవరమూ పనిలోకి వెళ్ళలేదు.

బట్టీ చల్లారకూడదు. చల్లారితే గాజు లోపలే గడ్డకట్టి బట్టీ నిలువునా పగులుతుంది. అదే మా ధైర్యం. అది యాజమాన్యానికీ తెలుసు కాబట్టి, ఐదో రోజున ఎక్కడివాళ్ళనో మూడు లారీల్లో ఎక్కించుకొచ్చి గేటు లోపలికి తోలింది.

ఆ రోజు గేటు దగ్గర జరిగినదాన్ని గొడవ అంటే చిన్నమాట. మేం రాళ్ళు వేశాం. వాళ్ళు గోడ మీంచి సీసాలు విసిరారు, మా చేతులతో మేం చేసిన సీసాలే. పక్కనే ఉన్న అచ్చుల మేస్త్రి చెవి సగానికి తెగి మెడ మీద వేలాడింది. నేను విసిరిన రాయి ఒక లారీ డ్రైవరు మూతి మీద తగిలింది. వాడు నోట్లోంచి పళ్ళు అరచేతిలోకి ఉమ్ముకున్నాడు. అబద్ధం ఎందుకు, నాకు సంతోషమేసింది.

మా సమ్మెకు గొంతు ఇచ్చినవాడు ఒకడున్నాడు. అందరం వాణ్ణి మైకు అనేవాళ్ళం. వాడు అరిస్తే వీధి చివర కుక్కలు లేచేవి. వాడి పెళ్ళాం నా బల్ల మీదే, నా ఎడమ పక్క. నన్ను వదినా అని పిలిచేది. వరస ఏమీ లేదు, పదేళ్ళు పక్కపక్కన కూర్చున్న అలవాటు. మైకు పక్కనే అన్నిటికీ ముందుండే ఇంకొకడు మా ఆయన. బట్టీ దగ్గర ఇరవై ఏళ్ళు నిలబడ్డవాడికి ఉండాల్సిన కోపమే ఆయనకూ ఉండేది. ఆదివారం చర్చిలో పాటల గుంపులో మాత్రం ఆ బొంగురు గొంతుతోనే కళ్ళు మూసుకుని పాడేవాడు.

ఆ ఆదివారం ఫాదర్ గారు కాగితం తీశారు. చెవి తెగిన మేస్త్రిని ఆసుపత్రికి మోసినవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పారు. బాగానే ఉంది. తర్వాత, గేటు లోపల ఉన్నవాళ్ళకు మంచినీళ్ళు అందించిన ఒక ముసలాయనకు చెప్పారు. చప్పట్లు లేవు. మైకు లేచాడు.

"ఫాదర్ గారూ, మీరెవరి వైపు?"

"దెబ్బలు తిన్నవాళ్ళ వైపు."

"దెబ్బలు తిన్నవాళ్ళం మేం! వాళ్ళ దాహం తీర్చి మాకేం చెబుతున్నట్టు? ఒకరోజు మీకూ తగలాలి, అప్పుడు తెలుస్తుంది నొప్పంటే ఏంటో!"

ఆ మాట నాలుగు వందల గడపలూ విన్నాయి. మా ఆయనైతే పాటల గుంపులోంచే "అదీ!" అన్నాడు. ఆ ఒక్క ముక్క మాత్రం తర్వాత ఎవరికీ గుర్తులేదు.

పద్దెనిమిదో రోజున, ఎండ నడినెత్తిన ఉండగా, ఫ్యాక్టరీ వెనక కొత్తవాళ్ళు ఉంటున్న రేకుల షెడ్డుకు మావాళ్ళు నిప్పుపెట్టారు. లోపల ఎవరూ లేరనుకున్నారట. ముప్పై మంది దాకా ఉన్నారు. ఒకడు చొక్కా మండుతుండగా వీధిలోకి పరిగెత్తాడు, దొర్లాడు, మళ్ళీ లేచి పరిగెత్తాడు. దార్లో దొరికినవాణ్ణి దొరికినట్టు మావాళ్ళు చితకబాదారు. మిగిలినవాళ్ళు ఎటు పోవాలో తెలియక, తలుపులు బార్లా తెరిచి ఉన్నాయని చర్చిలోకి దూరారు.

ఫాదర్ గారు తలుపుకు అడ్డంగా, రెండు చేతులూ చాపి నిలబడ్డారు. నేను ఆడవాళ్ళ గుంపులో వెనక ఉన్నాను. "నన్ను దాటి వెళ్ళండి" అని ఆయన అరవడం వినిపించింది. జనం ఆయన మీదికి తోసుకుపోయారు. కర్రలు లేచాయి, గొట్టాలు లేచాయి. ఎండలో ఎవరి ముఖమూ ఆనలేదు, అందరూ మూతులకు గుడ్డలు కట్టుకున్నారు. పచ్చి కొబ్బరికాయ నేలకేసి కొట్టినట్టు ఒక చప్పుడు.

నేను ఎలా ముందుకొచ్చానో నాకు తెలియదు. ఆయన మెట్ల మీద పక్కకు ఒరిగి ఉన్నారు. ఎడమ కన్ను ఉండాల్సిన చోట కన్ను లేదు. నెత్తురు మెట్టు మీంచి మెట్టు మీదికి దిగుతోంది. తలగుడ్డ లాగి ఆయన తల చుట్టూ బిగించి కట్టి, ఒళ్ళో పెట్టుకుని, గుంపును నోటికొచ్చినట్టు తిట్టాను. "మనుషులేనా మీరు! మీ చేతులు పడిపోను! మీ వంశాలు నాశనం కాను!" జనం ఒక్కొక్కరే జారుకున్నారు. నేను ఎవరి వంశాన్ని తిట్టానో ఇంటికి పోయాక తెలిసింది.

మా ఆయన పెరట్లో తొట్టి దగ్గర కూర్చుని ఊదే గొట్టాన్ని పీచుతో తోముతున్నాడు. అప్పటికే అది మెరుస్తోంది. అయినా తోముతూనే ఉన్నాడు.

"ఆయన్ని కాదు," అన్నాడు నా వైపు చూడకుండా. "ఆయన చంక కింద నుంచి ఒకడు తొంగిచూశాడు. వాడి మీదికి ఎత్తాను. ఈయన అడ్డమొచ్చాడు."

నా ఒంటి మీద ఫాదర్ గారి నెత్తురు ఇంకా ఆరలేదు.

"నా ముఖం మీద గుడ్డ జారిపోయింది. ఆయన నన్ను చూశాడే. సూటిగా కళ్ళలోకి చూశాడు. బతికితే నా పేరు చెబుతాడు."

"చెప్పకూడదని మొక్కుకోమంటావా, బతక్కూడదని మొక్కుకోమంటావా?" అన్నాను. ఆయన గొట్టం నా కాళ్ళ దగ్గరికి విసిరికొట్టి ఏడ్చాడు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు.

రెండు రోజులు ఫాదర్ గారికి స్పృహ లేదు. మూడో రోజు తెల్లారేసరికి తెలివొచ్చిందని, మాట్లాడుతున్నారని, పది గంటలకు ఇన్‌స్పెక్టరు వాంగ్మూలం తీసుకుంటాడని తెలిసింది. నేను రాత్రంతా ఆలోచించిన ఆలోచన అప్పుడు బయటపెట్టాను. దీన్ని నేనే కనిపెట్టాను, మా ఆయన కాదు. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత అందరూ ఆయన్నే తిట్టారు.

చిన్నప్పుడు జ్ఞానోపదేశం తరగతిలో మాకు నూరిపోశారు. పాపసంకీర్తనంలో, అంటే మనం చేసిన తప్పును ఒప్పుకునేటప్పుడు, చెవిన పడిన పాపాన్ని గురువు తన ప్రాణం పోయినా బయటపెట్టకూడదు. పోలీసుకూ, బిషప్పుకూ, ఎవరికీ. సైగ కూడా చేయకూడదు. తెలిసినట్టు ముఖం కూడా పెట్టకూడదు.

"పది గంటలకు ముందే నువ్వెళ్ళి ఆయన చెవిలో ఒప్పుకో," అన్నాను. "ఒప్పుకున్నావంటే ఆయన నోటికి తాళం పడ్డట్టే."

"దేవుడితో ఆటలాడమంటున్నావా?"

"దేవుడి గురువు కన్ను పగలగొట్టేటప్పుడు గుర్తురాలేదా ఆట?"

ఎనిమిదింటికే ఆసుపత్రిలో ఉన్నాం. వార్డు బయట బెంచీ మీద కానిస్టేబుల్ కునికిపాట్లు పడుతున్నాడు. "పాపసంకీర్తనానికి వచ్చాం" అంటే నర్సు సిస్టరు మురిసిపోయింది. "అంత బాధలోనూ జనం ఆయన్ని వెతుక్కుంటూ వస్తున్నారు" అని లోపలికి పంపింది. నేను వరండాలో నిలబడ్డాను. గోడ గడియారంలో పన్నెండు నిమిషాలు గడిచాయి. బయటికొచ్చిన మా ఆయన ముఖం సున్నం కొట్టినట్టుంది. చేయి పట్టుకుని మెట్ల కిందికి లాక్కొచ్చాను.

"చెప్పావా?"

"చెప్పాను. ఆయనకు రెండు కళ్ళకూ కట్టు ఉంది. 'ఆ రోజు మీరు నన్ను చూశారు కదా ఫాదర్' అన్నాను. 'నేనెవర్నీ చూడలేదు నాయనా, ఎండ కళ్ళలో పడింది' అన్నాడు. ఆయనకు తెలియదే. మనం పోయి చెప్పేదాకా ఆయనకు తెలియనే తెలియదు."



"పాపవిమోచనం ఇచ్చాడా?"

"ఇవ్వలేదు. 'పశ్చాత్తాపపడి వచ్చావా, నేను చెబుతానని భయపడి వచ్చావా' అని అడిగాడు. అబద్ధం చెప్పలేకపోయాను. 'అయితే మళ్ళీ రా నాయనా, నేను ఎదురుచూస్తుంటాను' అన్నాడు."

పది గంటలకు ఇన్‌స్పెక్టరుకు ఫాదర్ గారు అదే మాట చెప్పారు, నేనెవర్నీ చూడలేదని. ఇన్‌స్పెక్టరుకు ఎవరో ఒకరు కావాలి. చర్చిలో అందరి ముందూ "మీకూ తగలాలి" అన్నవాడు ఎవడని అడిగితే నాలుగు వందల గడపలూ ఒకే పేరు చెప్పాయి. మధ్యాహ్నానికల్లా మైకును జుట్టు పట్టుకుని వీధి పొడవునా ఈడ్చుకుపోయారు. వాడు జీపులోంచి కూడా అరుస్తూనే ఉన్నాడు. "నేను కాదురా! మా అమ్మతోడు నేను కాదు!" ఎవరూ తలుపులు తియ్యలేదు.

వాణ్ణి పట్టుకుపోయిన నాలుగో రోజున వాడి పెళ్ళాం మా ఇంటికొచ్చింది. స్టేషన్లో ఇచ్చిన చొక్కా చేతిలో ఉంది. ఉతుకుదామని నీళ్ళలో పెట్టబోయి, దాని జేబులో గోళ్ళు కనబడి ఆగిపోయిందట. పీకిన గోళ్ళు. వాళ్ళెందుకు అందులో వేశారో, లేక వాడే ఏరుకుని దాచుకున్నాడో.

"నువ్వే కదా వదినా మొదట ఫాదర్ దగ్గరికెళ్ళింది. ఎవడు కొట్టాడో చూళ్ళేదా?"

మా ఆయన గోడ అవతలే ఉన్నాడు. "చూళ్ళేదు" అన్నాను. కొట్టడం చూడలేదు కదా, అది నిజమే అని నాకు నేను చెప్పుకున్నాను.

"నాతో ఆసుపత్రికి రా. ఆయన ఒక్క మాట అంటే చాలు."

రానంటే అనుమానపడుతుందని వెళ్ళాను. ఫాదర్ గారి కుడి కన్నుకు కట్టు విప్పారు. ఆమె మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుంది.

"మా ఆయన కాదని చెప్పండి ఫాదర్. మీకు ఆయన గొంతు తెలుసు. ఆయన చేయి తెలుసు. కాదని ఒక్క మాట చెప్పండి, నా బిడ్డల తండ్రి బతుకుతాడు."

"నేనెవర్నీ చూడలేదమ్మా."

"చూడకపోతే కాదనడానికి నోరెందుకు రాదు? అది కూడా చెప్పలేరా?"

ఫాదర్ గారు దుప్పటి అంచును పిడికిట్లో బిగించారు. వేళ్ళు తెల్లబడ్డాయి. నా వైపు చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. నేనెవరో, ఎవరి పెళ్ళాన్నో ఆయనకు తెలుసు. చూస్తే అది కూడా సైగే అవుతుందని ఆయన భయం. నాకు అక్కడికక్కడ నేలలోకి కూరుకుపోవాలనిపించింది, అయినా నోరు విప్పలేదు. "నేనెవర్నీ చూడలేదు" అని ఆయన మూడోసారి అన్నారు. ఆమె లేచి, ఆయన ముఖం మీద ఉమ్మేసి వెళ్ళిపోయింది. సిస్టరు పరిగెత్తుకొచ్చి తుడిచింది.

ఆ సంగతి ఎలా పాకిందో పాకింది. కొట్టింది మొగుడు, ఉమ్మింది పెళ్ళాం అని ఊరంతా అగ్గి మీద గుగ్గిలమైంది. మర్నాడు కొళాయి దగ్గర ఆమెను చుట్టుముట్టారు. నాతో పాటు జపమాల చెప్పే ఆడవాళ్ళే. ఒకావిడ బిందెతో నడుం మీద కొట్టింది. ఇంకొకావిడ జుట్టు మెలితిప్పి ముఖాన్ని కొళాయి దిమ్మెకేసి కొట్టింది. కుడిచేయి కాళ్ళ కింద పడి, ఎండుపుల్ల విరిగినట్టు విరిగింది. నేను వరసలో ఐదోదాన్ని. నా బిందె నా చంకలోనే ఉంది. "నువ్వేంటే అట్లా చూస్తావు, ఆయన్ని ఒళ్ళో పెట్టుకున్నదానివి నువ్వే కదా, నీకు లేదా కోపం!" అని ఒకావిడ నన్ను ముందుకు తోసింది. నేను ఆమె పక్కన పడ్డాను. ఆమె నన్ను చూసి "వదినా, లేపు" అంది. లేపాను. అంతవరకే చేశాను.

ఆ సాయంత్రం మా ఇంట్లోనూ చేతులు లేచాయి.

"స్టేషన్‌కు వెళ్ళి ఒప్పుకో," అన్నాను.

"తాళం వేయించింది నువ్వు. ఇప్పుడు తియ్యమంటే ఎట్లా?"

"వాడి గోళ్ళు పీకేశారు. ఆమె చెయ్యి విరిచేశారు."

"నావి పీకితే నీకు చల్లగా ఉంటుందా?"

"ఉంటుంది" అన్నాను. నా తల గోడకు కొట్టుకునేలా తోశాడు. నేను పొయ్యి దగ్గరున్న పటకారు తీసుకుని ఆయన భుజం మీద ఎముక తగిలేలా కొట్టాను. తర్వాత ఇద్దరం చెరో మూల కూర్చుని రొప్పాం. ఆ రోజు నుంచి రోజు విడిచి రోజు ఇదే. పిల్లలు లేరు కాబట్టి సరిపోయింది గానీ, ఉంటే ఏ మూల దాక్కునేవాళ్ళో.

నలభై మూడో రోజున యాజమాన్యం దిగొచ్చింది. ఎనిమిది గంటల షిఫ్టు మళ్ళీ వచ్చింది. మేం గెలిచాం. వీధుల్లో రంగులు చల్లుకుని ఎగిరాం. మైకు లేకుండా వేసిన నినాదాలు గొంతు పట్టేసినట్టు వినిపించాయి. అప్పటికి వాడు, ఫాదర్‌ను కొట్టింది నేనే అని రాసిన కాగితం మీద వేలిముద్ర వేసేశాడు. సంతకం పెట్టేలా వాడి వేళ్ళు లేవు.

ఇంకో పది రోజులకు, వానలు మొదలయ్యే ముందు ఆదివారం, ఫాదర్ గారు చర్చికి తిరిగొచ్చారు. బిషప్ గారు ఆయన్ని వేరే చోటికి మార్చారని, ఇదే చివరి పూజ అని ముందే తెలిసింది. చర్చి కిక్కిరిసింది. ఎడమ కన్నుకు నల్లగుడ్డ కట్టుకుని, చిక్కి సగమై, పీఠం పట్టుకుని నడిచారు. ఒక్క కన్నుతో మెట్టు ఎంత దూరమో అందక రెండుసార్లు తడబడ్డారు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. మైకు పెళ్ళాం ఆఖరి వరసలో ఒక్కతే కూర్చుంది. ఎవరూ ఆమె బల్ల మీద కూర్చోలేదు. ఆమె ఎందుకొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

దీవెనకు ముందు ఆయన కాగితం తీశారు. ఈసారి ఎవరూ పొయ్యి మీద కూర గురించి ఆలోచించలేదు.

"నన్ను కొట్టింది ఎవరో నేను చూడలేదు. పోలీసులకు అదే చెప్పాను, మీకూ అదే చెబుతున్నాను. మీరూ చూడలేదు. చూడనిదాన్ని ఎవరి నెత్తినా రుద్దకండి." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "ఇక నా పని నన్ను చేసుకోనివ్వండి."

చదవడం మొదలుపెట్టారు. రిక్షాలో వేసుకుని ఆసుపత్రికి తోలినాయన, రెండుసార్లు నెత్తురిచ్చిన రంగులు వేసేవాడు, గాయం కడిగిన సిస్టరు, ఆయన లేని ఐదు వారాలూ గంట కొట్టడం మానని, పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పే ఉపదేశి. ఒక్కొక్కరూ లేచి నిలబడ్డారు. చప్పట్లు మోగాయి. "ఆసుపత్రికి నన్ను చూడటానికి వచ్చి నేల మీద కూర్చున్న తల్లికి" అంటూ మైకు పెళ్ళాం పేరు కూడా చదివారు. ఆమె లేవలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయన ఒక్కరే చేతులు జోడించి తల వంచారు.

తర్వాత నా పేరు చదివారు.

"తన తలగుడ్డతో నా తలకు కట్టు కట్టింది. అంత గుంపులో ఒక్కత్తే నన్ను ఒళ్ళోకి తీసుకుంది. డాక్టరు గారు చెప్పారు, ఆ కట్టు లేకపోతే నేను లేను. లేచి నిలబడమ్మా."

లేచాను. అంత పెద్ద చప్పట్లు ఆ చర్చిలో నేనెప్పుడూ వినలేదు. పాటల గుంపులో మా ఆయన తల దించుకుని ఉన్నాడు. ఎటు చూడాలో తెలియక వెనక్కి చూశాను. ఆఖరి వరసలో మైకు పెళ్ళాం కూడా చప్పట్లు కొడుతోంది. కుడిచేతికి కట్టు ఉంది కదా, ఎడమ అరచేత్తో తొడ మీద కొడుతోంది.

"కట్టు కట్టింది నేనే ఫాదర్," అన్నాను. చప్పట్లలో ఎవరికీ వినిపించలేదు. ఆగాక మళ్ళీ అన్నాను. "కట్టు కట్టింది నేనే. కొట్టింది మా ఆయన. మైకు కాదు. మా ఆయనే."

మొదట ఎవరికీ తలకెక్కలేదు. ఒకావిడ నవ్వింది కూడా. మా ఆయన పాటల పుస్తకం మూసి, పక్కవాడికిచ్చి, "నిజమే. నేనే," అన్నాడు. బట్టీ హోరులో వినిపించడానికి అలవాటుపడ్డ గొంతు, మూల మూలకూ వినిపించింది.

ముందు ఎవరు దూకారో చూడలేదు. బల్లలు తలకిందులయ్యాయి. మైకుతో కలిసి నినాదాలు ఇచ్చినవాళ్ళు, మైకు పెళ్ళాన్ని కొళాయి దగ్గర కొట్టినవాళ్ళు, అందరూ కలిసి మా ఆయన మీద పడ్డారు. ఇత్తడి కొవ్వొత్తి స్టాండు ఒకటి లేచింది. ఆయన చేతులు అడ్డం పెట్టుకోలేదు. దవడ ఎముక విరిగిన చప్పుడు నాకు విడిగా వినిపించింది. నేను ఆ వీపుల మధ్యకు దూరాను, గోళ్ళతో రక్కాను, కరిచాను, ఎవరి మోచేయో తగిలి ముక్కు పగిలింది. ఫాదర్ గారు పీఠం దగ్గర్నుంచి పరిగెత్తబోయి, మెట్టు అందక బోర్లాపడి, పాకుతూ వచ్చి మా ఆయన మీద పడుకున్నారు. స్టాండు రెండుసార్లు ఆయన వీపు మీద దిగాక గానీ చేతులు ఆగలేదు.

"నిజమేనా ఫాదర్?" ఉపదేశి ఏడుస్తూ అడిగాడు. "ఈమె చెప్పింది నిజమేనా? వీడు మీకు తెలుసా?"

"నేనెవర్నీ చూడలేదు," అన్నారు ఫాదర్ గారు, మా ఆయన నెత్తుటి ముఖం మీద తన ముఖం ఆనించి.

మా ఆయన ఆ ముఖాన్ని తన వైపు లాక్కుని చెవిలో ఏదో అన్నాడు. విరిగిన దవడతో ఏం అన్నాడో, ఎంత అన్నాడో తెలియదు. చాలాసేపు అన్నాడు. ఫాదర్ గారు వింటూ ఏడ్చారు. తర్వాత పడుకున్న చోటే కుడిచెయ్యి పైకెత్తి, ఆసుపత్రిలో ఇవ్వని పాపవిమోచనం ఇస్తూ సిలువ గుర్తు వేశారు.

పోలీసులొచ్చేలోపు మైకు పెళ్ళాం నా దగ్గరికొచ్చింది. ఎడమ చేత్తో నా చెంప మీద లాగి కొట్టింది.

"ముప్పై ఆరు రోజులు వదినా," అంది. "ముప్పై ఆరు రోజులు." ఇంకో చెంప మీద కూడా కొట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఫ్యాక్టరీలో బల్ల దగ్గర తన సీటు మార్చుకుంది.

మైకు మూడో రోజు ఇంటికొచ్చాడు. మళ్ళీ అరవలేదు, మళ్ళీ గొట్టం పట్టలేదు. మా ఆయనకు ఏడేళ్ళు పడింది. మొదటి ఏడాది నేను జైలుకు వెళ్ళినప్పుడల్లా గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. రెండో ఏడాది, "భుజం ఇంకా నొప్పిగా ఉందే, పటకారుతో అంత గట్టిగా కొడతావా?" అన్నాడు. ఆ రోజు ఇంటికి నడుచుకుంటూ వచ్చాను, దూరం తెలియలేదు.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ బుధవారం ఫాదర్ గారిని తీసుకుపోవడానికి కారొచ్చింది. జనం చర్చి తలుపు నుంచి గేటు దాకా రెండు వరసలుగా నిలబడ్డారు. ఆదివారం చదవడం సగంలో ఆగిపోయింది కదా, మిగిలినవాళ్ళకు చెప్పకుండా ఆయన వెళ్ళరు. చిన్నపిల్లల దగ్గర కూడా ఆగి, పేరు పెట్టి పిలిచి, దేనికో చెప్పి, చేతులు జోడిస్తూ వస్తున్నారు. నేను గేటు దగ్గర, చివర నిలబడ్డాను. నాకూ పక్కవాళ్ళకూ మధ్య ముగ్గురు పట్టేంత చోటుంది.

నా దగ్గరికొచ్చి ఆగారు. ఆ ఒక్క కన్నుతో నన్ను చూశారు. ఆసుపత్రిలో చూడనిదంతా అప్పుడు చూశారు. పెదవులు కదిలాయి. చేతులు జోడించడానికి సగం దాకా లేచాయి. అక్కడే ఆగిపోయాయి. నిజం చెప్పినందుకు కృతజ్ఞతలు అంటే అది నిజమని ఆయనకు తెలుసన్నట్టే. మా ఆయన ఊరందరి ముందూ ఒప్పుకున్నా సరే, ఆసుపత్రిలో చెవిన పడినదాన్ని ఆయన నోటితో ఒప్పుకోకూడదు, చేతులతో ఒప్పుకోకూడదు. ఆ తాళం నేనే వేయించాను. ఆయన మెడ నరాలు ఉబ్బాయి. నా కోసం ఒక్క మాటైనా వెతుకుతున్నారని తెలుస్తూనే ఉంది.

"వెళ్ళి రండి ఫాదర్," అన్నాను.

ఆయన చేతులు కిందికి దించుకున్నారు. రెండడుగులు వేసి, గేటు రెక్క తీసి పట్టుకున్న వాచ్‌మన్ ముందు ఆగి, రెండు చేతులూ జోడించి కృతజ్ఞతలు చెప్పి, కారెక్కారు.